నా దగ్గరున్న సగం చుక్క

పన్నెండు గ్రాములు. మా ఫ్యాక్టరీ ల్యాబులో త్రాసు మీద పెట్టి చూశాను. ఒక నట్టు, దాని అంచున ఆవగింజలో సగమంత తెల్ల పెయింటు. ఏడేళ్ళుగా దీన్ని మోస్తున్నాను. మూడు అద్దె గదులు మారాను. ప్రతిసారీ చాలా సామాను పారేశాను. దీన్ని మాత్రం ఒక అగ్గిపెట్టెలో పెట్టి వెంట తెచ్చుకున్నాను. ఎందుకు దాచానో చాలాసార్లు ఆలోచించాను. ఎప్పుడో ఒకప్పుడు చెప్పాలనుకునేవాడే సాక్ష్యం దాచుకుంటాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. అది నా గురించి నేను అనుకున్న మంచి మాట. నిజమో కాదో తెలియదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది జగ్గయ్యపేట. నాన్నది పప్పుల హోల్‌సేల్ కొట్టు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఖాళీ గోతాల కింద నాన్న పడుచుతనంలో తోలిన మోటార్ సైకిలు ఉండేది. దాని కంపెనీయే మూతపడింది. ఇంజినీరింగు పూర్తయి, ఉద్యోగం కాగితం కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉన్న రోజుల్లో దాన్ని బాగుచేద్దామని మొదలుపెట్టాను. మొదట చేసిన పని స్పానరు పట్టుకోవడం కాదు, పుస్తకం తెరిచి జాబితా రాయడం. అరవై రెండు పనులు. పని పేరు, విప్పిన తేదీ, బిగించిన తేదీ, చివర ఒక చిన్న గడి. పని అయితే ఆ గడిలో టిక్కు.

ఇంజను మాత్రం నాకు చేతకాలేదు. నాన్నే నందిగామ నుంచి మేస్త్రిని పిలిపించాడు. ఆయన పేరు రాయను. అందరూ మేస్త్రి అనే అనేవాళ్ళు. అప్పటికి అరవై దాటాయి. నందిగామలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. ఆదివారం చర్చి అయ్యాక తెల్ల చొక్కాతోనే బస్సెక్కి వచ్చేవాడు. మా ఇంట్లో దాన్ని విప్పి మేకుకి తగిలించి, సంచిలోంచి నల్ల చొక్కా తీసి వేసుకునేవాడు. ఆ చొక్కా ఒకప్పుడు నీలమట. ఆయనే చెప్పి నవ్వాడు.

నా జాబితా ఆయనకి పెద్ద వినోదం. "ఇంజినీరు గారూ, ఛాయ్ తాగడం ఎన్నో నంబరండీ? రాసారా లేదా?" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. ఆయన దగ్గర ఏ కాగితమూ ఉండేది కాదు. ఉన్నదల్లా ఒక చిన్న మందుసీసా నిండా తెల్ల పెయింటు, ఒక అగ్గిపుల్ల. ఏ నట్టయినా బిగించడం పూర్తి కాగానే అగ్గిపుల్లతో ఒక చుక్క పెట్టేవాడు. సగం నట్టు మీద, సగం దాని కింద ఉన్న ఇనుము మీద. నట్టు వెంట్రుకవాసి తిరిగినా చుక్క రెండుగా విడిపోతుంది. కంటికి తెలిసిపోతుంది. చుక్క లేకపోతే ఆ నట్టు ఇంకా బిగించలేదని లెక్క. చుక్క ఉంటే ఆయన బిగించాడనే లెక్క, ఇక దాని గురించి ఆయన ఆలోచించడు. నలభై ఏళ్ళు ఆయన ఆ చుక్కల్ని నమ్ముకుని బతికాడు.

ఈ వాక్యం రాశాక కాసేపు పెన్ను పక్కన పెట్టాను.

నాలుగు నెలలు పట్టింది. చివరి ఆదివారం ఆయన వెనక చక్రం బిగించాడు. వెనక బ్రేకు దగ్గర ఒక ఇనప పట్టీ ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు లోపలి ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోకుండా పట్టుకునేది అదే. దాని బోల్టుకి నట్టు, ఆ నట్టు ఊడిపోకుండా బోల్టు కంతలో దూర్చి కొనలు వంచే సన్నటి పిన్ను. మేస్త్రి నట్టు బిగించాడు. పిన్ను దూర్చాడు. కొనలు వంచాడు. చుక్క పెట్టాడు. నేను పక్కనే కూర్చుని చూశాను. ఇది ముఖ్యం కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. నేను చూశాను.

మందుసీసా మా షెడ్డు గూట్లోనే మర్చిపోయి వెళ్ళాడు.

ఆ గురువారం ఆ పట్టీ మీద పాత రంగు పెచ్చులుగా కనబడుతుంటే నాకు మనసొప్పలేదు. బండి మొత్తం కొత్తగా మెరుస్తుంటే అదొక్కటి మురికిగా ఉంది. విప్పాను. తుప్పు గీకి నల్లరంగు వేశాను. పాత నట్టు తీసేసి, పొట్లంలోంచి మెరిసే కొత్త నట్టు వేశాను. అది పాతదానికంటే మందం. బోల్టు కంత మూసుకుపోయింది. పిన్ను దూరలేదు. వాషరు పలచనిది తెచ్చి మర్నాడు పెడదామనుకున్నాను. గట్టిగానే బిగించాను. ఆ సాయంత్రం పుస్తకం తెరిస్తే అరవై ఒక్క గడులు నిండి ఉన్నాయి. నలభై ఒకటో నంబరు, ఆ పట్టీది, ఒక్కటే ఖాళీ. పేజీలు ఫోటో తీసి స్నేహితులకి పంపాలని ఉంది. టిక్కు పెట్టాను.

మర్నాడు ఉద్యోగం కాగితం వచ్చింది. ఆ సంబరంలో పిన్ను సంగతి మర్చిపోయాను.

శనివారం పొద్దున బండికి పూజ. అమ్మ హ్యాండిలుకి బంతిపూల దండ వేసింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. వీధిలో సగంమంది మా గుమ్మం ముందే ఉన్నారు. వేదాద్రి నరసింహస్వామికి చూపించుకొస్తానని నాన్న ఎక్కాడు. మూడో కిక్కుకి బండి పలికింది. నాన్న మొహం నేనెప్పుడూ అలా చూడలేదు. "మావాడు చేసాడండీ," అన్నాడు వీధికంతా వినబడేలా.

స్వామిని చూసి తిరిగొస్తుంటే అడ్డం వచ్చిన గేదె కోసం బ్రేకు నొక్కాడట. ఆ దుమ్ము రోడ్డు మీద నట్టు అప్పటికే ఎక్కడో రాలిపోయి ఉంటుంది. పట్టీ ఊడింది, ప్లేటు తిరిగింది, చక్రం పట్టేసింది. నాన్న కుడిపక్కకి పడ్డాడు. మోకాలి చిప్ప మూడు ముక్కలైంది. ఆపరేషన్ చేశారు. ఇప్పటికీ ఆ కాలు పూర్తిగా మడవలేడు. కొట్లో నేలమీద కూర్చునే గాదీ పరుపు తీసేసి కుర్చీ వేయించుకున్నాడు.

ఇంతవరకు చేసింది తప్పు. తరవాత చేసింది వేరు.

మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో బండిని ఇంటికి తెచ్చి దించారు. అందరూ ఆస్పత్రిలో ఉన్నారు. నేను తువ్వాళ్ళ కోసం ఇంటికి వచ్చాను. పట్టీ వేలాడుతోంది. నేను వేసిన నల్లరంగు ఎండలో మెరుస్తోంది. దాని మీద చుక్క లేదు. మేస్త్రి వచ్చి చూస్తే ఒక్క క్షణంలో తెలిసిపోతుంది, ఇది తన చేతిమీద బిగించింది కాదని.

పొట్లంలోంచి అలాంటి నట్టే ఇంకొకటి తీసి పట్టీ మీద, ఉండాల్సిన చోటే పెట్టాను. గూట్లో మందుసీసా తీశాను. అగ్గిపుల్లతో సగం నట్టు మీద, సగం పట్టీ మీద పడేలా చుక్క పెట్టాను. ఊది ఆరబెట్టాను. నట్టు తీసి జేబులో వేసుకున్నాను. పట్టీ మీద సగం చుక్క మిగిలింది, తిన్నని అంచుతో. దాని మీద, కొత్తరంగు మెరుపు పోయేలా పట్టీ పొడుగునా కూడా, వేలితో కాస్త గ్రీజు, కాస్త మట్టి రాశాను. పదకొండు నిమిషాలు పట్టింది. చేతులు వణికాయని రాస్తే బాగుండేది. వణకలేదు. నేను చేసిన పనులన్నిట్లోకీ శుభ్రంగా చేసిన పని అదే. తరవాత తువ్వాళ్ళు తీసుకుని ఆస్పత్రికి వెళ్ళాను.

మర్నాడు ఆదివారం. మేస్త్రి చర్చికి వెళ్ళకుండా పొద్దున్నే వచ్చాడు. ఆస్పత్రిలో నాన్న ఆయన మొహం చూడలేదు, గోడవైపు తిరిగాడు. మా బాబాయి మాత్రం అనాల్సినవన్నీ అన్నాడు. మేస్త్రి చేతులు కట్టుకుని విన్నాడు. తరవాత నాతో ఇంటికి వచ్చి షెడ్డులో బండి పక్కన గొంతుక్కూర్చున్నాడు. పట్టీని బొటనవేలితో తుడిచాడు. చుక్క కనబడింది. చాలాసేపు దాన్నే చూశాడు.

"నా చుక్కే," అన్నాడు.

నా చూపు గూట్లో మందుసీసా మీదికి పోయింది.

"నట్టు నేనే బిగించా. మరి పిన్ను పెట్టినట్టే ఉందే. కొనలు వంచినట్టు కూడా ఉంది." కుడిచేతి వేళ్ళు గాలిలో వంచి చూసుకున్నాడు. "నువ్వు పక్కనే ఉన్నావుగా బాబూ. పెట్టానంటావా, మర్చిపోయానంటావా?"

"గుర్తు లేదండి."

"నువ్వు రాసుకుంటావుగా అన్నీ. పుస్తకంలో చూడు."

"పిన్నులవీ రాయలేదండి. నట్లవరకే."

ఆయన తల ఊపాడు. అప్పటికైనా ఊరుకుని ఉండొచ్చు. నన్నెవరూ ఇంకేమీ అడగలేదు. కానీ ఆ మౌనం భరించలేక, ఓదారుస్తున్నట్టు ఒక మాట అన్నాను. "పెద్దవాళ్ళయ్యారు కదండీ. అవుద్ది లెండి."

ఆయన నన్ను చూసిన చూపులో కోపం లేదు. ఏదో జబ్బుందని డాక్టరు చెప్పినప్పుడు మనుషులు అలా చూస్తారు. "అంతేనంటావా," అన్నాడు. లేచాడు. మందుసీసా అడగలేదు. తెల్ల చొక్కాతో వచ్చినవాడు దాన్ని విప్పకుండానే తిరిగి వెళ్ళాడు.

ఆ తరవాతవి నేను చూడలేదు, విన్నాను. బిగించిన నట్టుని విప్పి మళ్ళీ బిగించేవాడట. గంటలో అయ్యే పనికి పూట పట్టేదట. ఇచ్చేసిన బండి వెనక పరుగెత్తి ఆపి, ఒకసారి చూస్తానని కూర్చునేవాడట. "మేస్త్రికి చాదస్తం ముదిరింది" అని జనం వేరే షెడ్లకి మళ్ళారు. ఏడాది తిరక్కుండా షెడ్డు ఎత్తేశాడు. ఎవరూ మూయించలేదు. తన చేతుల్ని తనే నమ్మలేక మూసుకున్నాడు. చుక్క ఉందా లేదా అన్నది కాదు ఇప్పుడు, చుక్క ఉన్నా నమ్మకం లేదు. ఆ నమ్మకాన్ని తీసేసింది నేను. ఒక మనిషి దగ్గర దొంగిలించగలిగినవాటిలో ఇంతకంటే పెద్దది ఉందా? నాకు తోచలేదు.

పైన ఒకచోట పిన్ను సంగతి మర్చిపోయానని రాశాను. అదీ నిజం కాదు. అబద్ధం చెప్పడం ఎంత అలవాటైందో చూడండి, ఒప్పుకుంటూ కూడా ఒకటి దూర్చాను. శనివారం పొద్దున నాన్న కిక్కు కొడుతున్నప్పుడు గుర్తొచ్చింది. స్పష్టంగా. నలభై ఒకటో నంబరు గడి కళ్ళముందు కనబడింది. ఆపండి నాన్నా అనడానికి మూడు కిక్కుల వ్యవధి ఉంది. వీధంతా చూస్తోంది. దండ వేసి ఉంది. టిక్కు పెట్టిన జాబితా అందరికీ పంపి ఉన్నాను. గట్టిగానే బిగించాను కదా, వేదాద్రి ఎంత దూరం కనక, అనుకున్నాను. బండి పలికింది. నేను చప్పట్లు కొట్టాను.

ఇప్పుడు నేను ఇబ్రహీంపట్నం వైపు ఒక ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో ఉన్నాను. రోజంతా నా పని టిక్కులు పెట్టడమే. నేను సంతకం చేస్తేనే సరుకు బయటికి పోతుంది. నా అంత జాగ్రత్త మనిషి లేడంటారు. నవ్వు కూడా రాదు. అలసటగా ఉంటుంది.

పోయిన నెల ఇంటికి వెళ్తూ నందిగామలో బస్సు దిగాను. ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఆయన కనిపించాడు. వాచ్‌మన్ చొక్కాలో. గేటుకి తాళం వేశాడు. లాగి చూశాడు. పది అడుగులు నడిచాడు. ఆగాడు. వెనక్కి వెళ్ళి మళ్ళీ లాగి చూశాడు. మళ్ళీ నడిచాడు. మళ్ళీ వెనక్కి. నాలుగుసార్లు. లెక్కపెట్టడం నా జబ్బు.

దగ్గరికి వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. ఆయనే గుర్తుపట్టాడు. "ఇంజినీరు గారా! నాన్నగారి మోకాలెట్టా ఉందయ్యా?" అన్నాడు. ప్రతి ఆదివారం చర్చిలో ఆ మోకాలి కోసం ప్రార్థన చేస్తున్నానని చెప్పాడు. తన చేతివల్ల జరిగింది కదా అన్నాడు. బాగానే ఉందండి అన్నాను. ఛాయ్ తాగి వెళ్ళమన్నాడు. బస్సుకి టైమైందన్నాను. బస్సుకి ఇంకా ముప్పావుగంట ఉంది.

మా విభాగంలో ఒక పద్ధతి ఉంది. తప్పు రాస్తే చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు. కింద ఉన్న తప్పు కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. ఈ పొద్దున ఆ పాత పుస్తకం తీశాను. నలభై ఒకటో నంబరు టిక్కు మీద ఒక గీత కొట్టాను. పక్కన రాశాను: మేస్త్రి పిన్ను పెట్టారు, కొనలు వంచారు, చుక్క పెట్టారు. నేను విప్పాను. మళ్ళీ పిన్ను పెట్టలేదు. బండి మీద తరవాత కనబడిన చుక్క నాది. సంతకం పెట్టాను. ఏడేళ్ళలో మొదటిసారి ఆ పేజీలో ఉన్నదంతా నిజం. ఊపిరి కాస్త లోతుగా ఆడింది. అంతకంటే ఏమీ జరగలేదు. నాన్న మోకాలు వంగలేదు. నందిగామలో గేటు తాళం ఆయన లాగి చూస్తూనే ఉంటాడు.

పుస్తకం, అగ్గిపెట్టె సంచిలో పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం, ఆయన చర్చి నుంచి వచ్చే వేళకి, నందిగామ వెళ్ళాలనుకుంటున్నాను. ముందు ఆయనకి, తరవాత నాన్నకి. వెళ్తానని మాత్రం ఇక్కడ గట్టిగా రాయను. వెళ్ళాక రాస్తాను. చెయ్యని పనికి టిక్కు పెట్టడం ఒకసారి చాలు.