సున్నం కింది అక్షరాలు

మైదుకూరు నుంచి కడపకు పోయే రోడ్డు మీద, మా ఊరి మలుపులో ఇప్పుడొక నీలం బోర్డు ఉంది. కరువు కాలంలో అక్కడ గంజి కేంద్రం నడిపి ప్రాణాలు నిలిపిన దాతల స్మృత్యర్థం అని రాసి, కింద మా ఊరి పెద్దరైతు ఇంటిపేరు వేశారు. ఆ బోర్డు పాతకముందు అక్కడ మా రాయి ఉండేది. మండలాఫీసు నుంచి కడప దాకా ఆ సంగతి చెప్పాను. ఎవరూ వినలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

రాయి అంటే నడుమెత్తు నాపబండ. నూటయాభై ఏళ్ళ కిందటి ధాత కరువులో ఈ రోడ్డుకు కంకర కొట్టి, మట్టి మోసి, గంజి వరసలో నిలబడి చచ్చినవాళ్ళను ఒకే గుంతలో పూడ్చి, పైన ఆ బండ నిలబెట్టారని మా పేటలో అందరికీ తెలుసు. మా తాత అమ్మమ్మ ఆ గుంతలోనే ఉంది. బతికినవాళ్ళు తర్వాత మతంలో కలిశారు. మా చర్చి అట్లా మొదలైంది. ఈస్టరు తెల్లవారుజామున పాటలు పాడుతూ సమాధుల తోటకు పోయేటప్పుడు, ముందు ఆ బండ దగ్గర ఆగి, సున్నం కొట్టి, ప్రార్థన చేయడం మా వాడుక. పాత పూత ఎవరూ గీకలేదు. దాని మీదే కొత్త పూత. నేను పుట్టేనాటికే అక్షరాలు కనబడేవి కావు. బండ కోడిగుడ్డు మాదిరి నున్నగా ఉండేది.

ఐదో తరగతిలో ఆ పెద్దరైతు కొడుకు నా పక్కన కూర్చునేవాడు కాదు. "మీవోళ్ళు గంజికి మతం మారినోళ్ళంట గదా" అని అందరి ముందూ అన్నాడు. పంతులు నవ్వాడు. పంతులు పోయి చాలా ఏళ్ళయింది. ఆ నవ్వు ఇంకా నా దగ్గరే ఉంది.

రోడ్డు వెడల్పు చేసే పనులు వచ్చినప్పుడు బండ గుర్తుగీత లోపల పడింది. రోడ్డును కాస్త పక్కకు జరపండి, కుదరకపోతే ఎముకలు తీసి మా తోటలో పూడ్చుకోనివ్వండి, వాళ్ళ మీద లారీలు పోకూడదు అన్నాను. నేను అడిగింది అంతే. ఇంజనీరు కుర్చీ చూపించి మర్యాదగానే మాట్లాడాడు. చరిత్ర ఉన్న రాయి అయితే పైకి రాస్తానన్నాడు. "దాని మీద ఏముందో చూపించండి. ఉత్త సున్నం రాయి అని రాయలేను కదండీ."

ఈస్టరుకు సున్నం నానబెట్టేది మా మేనత్త. ఆమెకు ఎనభై దాటాయి. "గీకనియ్యొద్దప్పా. ఇన్నేండ్లకు అది రాయి యాడుండాది, అంతా సున్నమే" అంది. వేరే దారి లేదన్నాను.

ఇంజనీరు పంపిన మనిషి ఉలి, సుత్తి తెచ్చాడు. నీళ్ళు పోసి ఒక రోజు నాననిచ్చి తీయమన్నాను. టైము లేదన్నాడు. నాపరాయి పొరలు పొరలుగా లేస్తుందని ఈ సీమలో పుట్టిన ఎవరికైనా తెలుసు. అతను ఏ సీమలో పుట్టాడో నాకు తెలియదు. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. దాంతోపాటు రాతి పైపొర కూడా ఊడింది. లోపల బండ నల్లగా, కొత్తగా, ఏ రాతా లేకుండా ఉంది.

అత్త కింద పడిన పెచ్చు ఒకటి తిరగేసింది. అక్షరాల గుంతల్లో నిండిన సున్నం ఉబ్బెత్తుగా, అద్దంలో మాదిరి తిరగబడి ఉంది. 'మంది' అన్న మాట ఒక్కటే. దానికి ముందు అంకె ఉండాల్సిన చోట సున్నం పొడి అయిపోయింది.

ఇంజనీరు వచ్చినప్పుడు పెచ్చు చేతిలో పెట్టాను. "మంది అని ఉండాది, సూడండి సార్."

"ఎంతమంది?"

"అంకె మీవాడి ఉలి కింద పోయింది."

"పనిచేసినవాళ్ళా, గంజి తాగినవాళ్ళా, చనిపోయినవాళ్ళా? ఏమని రాయమంటారు?"

నాతో చదివిన పెద్దరైతు కొడుకు అక్కడే ఉన్నాడు. ఆ ముక్క రోడ్డు కాంట్రాక్టు అతనిదే. "ఏమప్పా, ఇంగా రాయి గొడవ ఇడ్సలేదా నువ్వు? గంజి తాపింది మావోళ్ళు, తాగింది మీవోళ్ళు. ఇద్దురికీ కలిపి ఒగ బోర్డు ఏపిస్తాలే."

"తాపినోళ్ళు మిద్దెల్లో బతికినారు, తాగినోళ్ళు ఈడ పండుకున్నారు" అంది అత్త. "అదేం గంజి నాయనా?"

అతను కంకర టిప్పరుకు చెయ్యి ఊపాడు.

పాస్టరు ఏ ఆఫీసుకూ మాతో రాలేదు. వాళ్ళను క్షమించమని మాత్రం కబురు పంపాడు. నేను సోమవారం అర్జీ పట్టుకొని కడప కలెక్టరాఫీసు వరసలో నిలబడి ఉండగా జేసీబీ వచ్చిందట. నేను తిరిగివచ్చేసరికి బండ లేదు, గుంత లేదు, రోలరు తిరుగుతోంది. జేసీబీ డ్రైవరు చింతచెట్టు కింద అన్నం తింటున్నాడు. పాపం, బయటి ఊరివాడు. ఏమైనా కనబడిందా అని అడిగాను.

"అంతా మన్నే సార్. మధ్యలో తెల్లంగా ఏందో శానా తగిలింది. సున్నమనుకున్న్యా."

పోయిన ఈస్టరుకు కూడా పాడుతూనే పోయాం. మలుపు దగ్గరికి వచ్చేసరికి పాట తగ్గింది. బోర్డు ఉంది కానీ గుంత సరిగ్గా ఎక్కడుండేదో ఎవరూ చెప్పలేకపోయారు. "యాడ నిలబడాలప్పా?" అని అత్త నన్ను అడిగింది. నేను అందాజుగా తారు మీద చూపించాను. ఆమె బకెట్టు వంచి సున్నం అక్కడే పోసింది. ప్రార్థన సగంలో ఉండగా లారీ హారన్ కొట్టింది. పక్కకు జరిగాం.

లారీ ఆ సున్నం మీదుగా పోయింది. తెల్లటి టైరు గుర్తులు మైదుకూరు వైపు కొంతదూరం కనబడి, తర్వాత తారులో కలిసిపోయాయి. అత్త వాటినే చూస్తూ నిలబడింది. "మనోళ్ళు అట్లనే పోతాండారు సూడు" అంది.