చూడని ముఖం

ఒక మాటను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. పెద్ద మాటేమీ కాదు. అంగట్లో బట్ట మడత పెడుతూ అనేసిన మాట. దింపుకుందామంటే చోటు దొరకలేదు. మా ఇంటావిడకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా అదొక్కటి తప్ప మిగతావన్నీ చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను.

మాది వై.ఎన్.హొసకోటలో బట్టల అంగడి. సరుకు కోసం నెలకొకసారి బెంగళూరు వెళ్తాను. అలా వెళ్ళినప్పుడే ఒక పెద్ద హీరో జబ్బుచేసి చనిపోయాడు. పేరు అనవసరం. మా తాలూకాలో చాలామందికి ఆయనంటే ప్రాణం. సరుకు మూటలు బస్సుకు వేయించి, కడసారి చూద్దామని నేనూ వెళ్ళి వరుసలో నిలబడ్డాను. మూడు గంటలు నిలబడ్డాను. వరుస కదల్లేదు. తోపులాట మొదలైంది, కాళ్ళు పీకాయి. వెనక్కి వచ్చేశాను.

మర్నాడు అంగడి తలుపు తీయకముందే మనుషులు వచ్చి నిలబడ్డారు. చూశావా, ముఖం ఎలా ఉండింది అని. మా బజారులో ఆ రోజు బెంగళూరులో ఉన్నది నేనొక్కడినే. చూడలేదని చెప్పడానికి నోరు రాలేదు. అంతసేపు నిలబడి కాళ్ళ నొప్పికి తిరిగొచ్చానని ఎలా చెప్పను? చూశానన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. వాళ్ళు ఇంకా ఇంకా అడిగారు. చూడని ముఖాన్ని ఎలా వర్ణించాలో తెలియక, అది ఆయన ముఖంలా లేదనీ, మైనపు బొమ్మను పడుకోబెట్టినట్టుందనీ అన్నాను. అందరూ ఇంకా దగ్గరికి జరిగారు. నా మాట కోసం అంతమంది ఎదురుచూడటం నా జీవితంలో అదే మొదలు. అది నాకు బాగుండింది. దాచడమెందుకు, చాలా బాగుండింది.

వారం తిరిగేసరికి ఆ మాట ఎవరిదో గొంతుతో నా ఫోనుకే వచ్చింది. హీరో బతికే ఉన్నాడట. పాడె మీద పెట్టింది బొమ్మట. ఆయన మా తాలూకా పొలాల్లో కట్టిన సోలార్ పార్కులో ప్యానెళ్ళు కడిగే కూలీగా దాక్కున్నాడట. ప్యానెళ్ళు కడిగేవాళ్ళు ఎండకు తల నుంచి మెడ దాకా తువ్వాలు చుట్టుకుంటారు, కళ్ళు తప్ప ఏమీ కనిపించవు. కాబట్టి వాళ్ళలో ఎవరైనా ఆయనే కావచ్చు. జనం బైకులేసుకుని పార్కు పక్కనున్న రాయచెర్లు దాకా పోయి, కంచె బయట నిలబడి తొంగిచూసి వచ్చారు. కొన్నాళ్ళకు అది నవ్వులాటగా మారి అణిగిపోయింది. నేనూ నవ్వాను.

ఒకసారి మా అంగట్లోనే దీని మీద వాదన జరిగింది. హైస్కూలు మేష్టరు ఒకాయన, ఇలాంటివాటిని కుట్ర కథలు అనకూడదన్నాడు. అభిమానించిన మనిషి పోయాడని ఒప్పుకోలేక చెప్పుకునే ఓదార్పు మాటలట, వీటివల్ల ఎవరికీ నష్టం లేదట. పక్కన కూర్చున్నాయన ఒప్పుకోలేదు. డాక్టర్లు, ఇంటివాళ్ళు, పోలీసులు అందరూ కలిసి దాచిపెట్టారని కదా చెబుతున్నారు, మరి అది కుట్ర కాక ఏమిటన్నాడు. నేను ఇద్దరికీ తలూపాను. దాచిపెట్టినవాడు ఒక్కడేననీ, వాడు చేతిలో మీటరు కడ్డీ పట్టుకుని వాళ్ళ ఎదురుగానే నిలబడి ఉన్నాడనీ ఎవరికి తెలుసు?

నష్టం లేదన్న మాటనే నేనూ చాలాకాలం పట్టుకుని వేలాడాను. హనుమంతరాయప్ప వచ్చేదాకా.

అతనిది రాయచెర్లు. పొలం పార్కుకు లీజుకిచ్చి, గొర్రెలు మేపుకుంటాడు. తమ్ముడు రంగడు బోర్లు వేసే లారీ మీద పనికి ఉత్తరాదికి పోయేవాడు. హీరో పోయిన ఏడాదే రంగడు అక్కడెక్కడో లారీ ప్రమాదంలో చనిపోయాడు. మూడు రోజుల తర్వాత శవం వచ్చింది. ముఖం నిండా కట్లు. విప్పొద్దన్నారు. రాగానే పూడ్చిపెట్టారు.

పదకొండో రోజుకు బట్టలు తీసుకోవడానికి హనుమంతరాయప్ప అంగడికి వచ్చాడు. మా నాయన కాలం నుంచి మాదొక పద్ధతి. బతికున్నవాళ్ళకు కొన్న బట్టకు కొనకు పసుపు అద్ది ఇస్తాం. పోయినవాళ్ళకు పెట్టే బట్టకు పసుపు తగలనివ్వం. నేను తెల్ల బట్ట చింపబోతుంటే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"శెట్టన్నా, ఒక మాట అడుగుతా. ఆ దినం బెంగళూర్లో నువ్వు చూసింది బొమ్మే కదా?"

"ఎందుకప్పా ఇప్పుడు ఆ మాట?"

"మా రంగడి ముఖం నేను చూడల్యా. అంతా కట్లు కట్టినారు. ఇతనే అని వాళ్ళు చెప్పినారు, మేం పూడ్చినాం. అంత పెద్దోడికే బొమ్మ పెట్టి ఊరందరినీ ఏమార్చినప్పుడు, మాకు ఇంకెవుర్నో ఇచ్చి పంపించేది ఎంత పని? నువ్వు కండ్లారా చూసినోడివి. నువ్వు చెప్పు."

అంగట్లో ఇంకో ముగ్గురున్నారు. ముగ్గురూ ఆ రోజు నా మాట విన్నవాళ్ళే. చూడలేదని ఒక్క మాట అంటే చాలు. పరువు పోతుంది, అంతే కదా. ఒక బట్టల అంగడివాడి పరువు ఎంత? అది పోతే ఎవరు ఏడుస్తారు? ఇవన్నీ ఇప్పుడు అడుగుతున్నాను. అప్పుడు అడగలేదు.

"బొమ్మేనప్పా" అన్నాను.

అతను తెల్ల బట్ట పక్కకు నెట్టి, నీలం గీతల చొక్కా బట్ట చూపించాడు. కొలిచి చింపాను. కొనకు పసుపు అద్దాను. నా ఈ వేలితోనే అద్దాను.

అప్పటి నుంచి ప్రతి ఉగాదికీ వస్తాడు. తమ్ముడికి చొక్కా బట్ట తీసుకుంటాడు. ఉత్తరాది తిండికి లావయి ఉంటాడా శెట్టన్నా అని ఒక ఏడు అడిగాడు. కొంచెం ఎక్కువ తీసుకోమని చెప్పాను. చెప్పానండీ, అంత మాటా చెప్పాను. పెద్దల అమావాస్యకు, పోయిన అమ్మకూ నాయనకూ బట్టలు తీసుకుంటాడు, రంగడికి మాత్రం తీసుకోడు.

రంగడి పెళ్ళాం మంజుల అప్పటికి ఇరవై మూడేళ్ళది. రెండేళ్ళు చూసి, నిడుగల్లు నుంచి పుట్టింటివాళ్ళు వచ్చారు. మంచి సంబంధం ఉంది, పిల్లను మళ్ళీ ఒక ఇంటిదాన్ని చేస్తామన్నారు. మొగుడు బతికుండగా ఎట్లా చేస్తారని హనుమంతరాయప్ప వాళ్ళను పంపేశాడు. అతను చెడ్డవాడు కాదు. ఆమెకు ఏ లోటూ చేయలేదు. నా మాట నమ్మాడు, అంతే. ఈ సంగతి అతనే వచ్చి నాకు చెప్పాడు, మంచి పని చేసినవాడిలా. నేను టీ తెప్పించాను.

పోయిన వారం మంజుల ఒక్కతే అంగడికి వచ్చింది. సంచిలోంచి చొక్కా బట్టలు తీసి బల్ల మీద పెట్టింది. ఆరు, ఆ మొదటిదీ, ఐదు ఉగాదులవీ. ఒక్కటీ కుట్టించలేదు, ప్రతిదానికీ కొనకు పసుపు. ఇవి వెనక్కి తీసుకుని, వీటిలాంటిదే ఒకటి పసుపు అద్దకుండా ఇవ్వమంది.

"ఈ అమావాస్యకు నేనే పెడతా అన్నా. శవం వచ్చిన దినం పాదాలు చూసినా నేను. ఆయనే. మా బావ నీ మాట పట్టుకోనుండాడు, నా మాట యాడ వింటాడు. ఈ సంగతి ఆయనకు నువ్వు చెప్పొద్దు."

ఆమెకు మొదటి నుంచీ తెలుసు. ఐదేళ్ళుగా, చూసిన ఆమె మాట చెల్లలేదు, చూడని నా మాట చెల్లింది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. అంగట్లో ఎవరూ లేరు కూడా. నీలం గీతల బట్ట చింపి, పసుపు అద్దకుండా, కాగితంలో చుట్టి ఇచ్చాను. ఆమె కళ్ళ వైపు చూడలేదు.

ఎల్లుండి అమావాస్య. రేపు హనుమంతరాయప్ప వస్తాడు, అమ్మకూ నాయనకూ బట్టలకు. అతనికి చెబుతానా? తెలియదు. చెప్పినా మంజుల ఐదేళ్ళు ఎవరు తెచ్చిస్తారు? మిమ్మల్ని క్షమించమని అడగను. క్షమించాల్సినవాళ్ళు మీరు కాదు. బాగా అలసిపోయాను. ఇన్నేళ్ళలో ఎవరితోనూ అననిది మీతో అంటున్నాను, అన్నాక ఛాతీలో కొంచెం చోటు దొరికినట్టుంది.

ఆ రోజు నేను ఏ ముఖమూ చూడలేదు. ఆయనదీ కాదు, బొమ్మదీ కాదు. వరుస కొన ఉన్న పూలమ్మే వీధి దాకా పోయి, అక్కడి నుంచే తిరిగొచ్చాను.