వేలు కాలింది, మెదడు తప్పించుకోలేదు

ఈ సాయంత్రం నోయిడాలో ఆఫీసు క్యాబ్ దిగి, ఇంటికొచ్చి, బ్యాగు పక్కన పడేసి నేరుగా పొయ్యి ముందు నిలబడ్డాను. రేపు మా అమ్మాయికి నాడీ వ్యవస్థ మీద క్లాస్ టెస్ట్. నేను దోసెలు వేస్తుంటే పక్కన నిలబడి పాఠం అప్పజెబుతోంది. న్యూరాన్ల దాకా వచ్చేసరికి నా వేలు పెనానికి తగిలింది. చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చేసింది.

"మమ్మీ, యే తో రిఫ్లెక్స్ హై! స్పైనల్ కార్డే చెయ్యి లాగేసింది. బ్రెయిన్‌కి తర్వాత తెలుస్తుంది," అంది సంబరంగా.

అంతలో ఫోన్ మోగింది. శనివారం ఎవరు రాగలరని ఆఫీసు గ్రూపులో మేనేజర్ అడిగాడు. పిండి చేత్తోనే "ష్యూర్ సర్" అని కొట్టేశాను. ఆ శనివారమే అశోకా రోడ్‌లోని తెలుగు క్యాంటీన్‌కి భోజనానికి తీసుకెళ్తానని మా అమ్మాయికి మాటిచ్చాను. అదీ మూడోసారి.

"ఇది కూడా రిఫ్లెక్సేనే," అన్నాను నీరసంగా.

"నహీ మమ్మీ. ఇది బ్రెయిన్ పని. కావాలంటే ఆపుకోవచ్చు," అని పుస్తకంలోకి తల వంచేసింది.

వేలి మంట ఎప్పుడో తగ్గింది. నాలాగే శనివారానికి ఒప్పేసుకున్నవాళ్లు ఉంటే చెయ్యెత్తండి. ఈసారైనా ఆలోచించి ఎత్తండి.