మదనపల్లెలో మాకు ఊపిరి పీల్చడం నేర్పిన రోజు

ఒత్తిడిని తట్టుకోవడం నేర్పిస్తామని డాక్టర్లనూ నర్సులనూ మదనపల్లెలోని ఒక హోటల్ హాలుకు రమ్మన్నారు. నేను పుంగనూరు దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో డాక్టర్ని. నాతోపాటు బస్సులో మా జూనియర్ డాక్టర్ వచ్చింది. కుప్పం అమ్మాయి.

అంతకు ముందు వారమే పాము కరిచిన రైతొకాయన్ని ఆలస్యంగా తెచ్చారు. ప్రాణం పోయిందని ఆమె చెప్పగానే బంధువొకడు ఆమె చెంప పగలగొట్టాడు. అడ్డుకోవడానికి గుమ్మం దగ్గర ఒక్క కాపలా మనిషి లేడు. మా పెద్ద డాక్టరుగారు ఆమెను పిలిచి, "పోలీసులూ కేసులూ యాలమ్మా? ఆసుపత్రికి సెడ్డపేరు" అని సర్దిచెప్పి పంపేశాడు. మర్నాడే ఈ శిక్షణ కబురు వచ్చింది. దెబ్బ ఆమెకు తగిలితే మందు అందరికీ పోశారు. అదీ ఉత్త గాలి మందు.

నేర్పడానికి బెంగళూరు నుంచి ఒకాయన దిగాడు. చొక్కా మీద ముడత లేదు. ఏ వార్డులోనూ ఒక పూట నిలబడిన మొహం కాదు. కళ్లు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, సముద్రాన్ని తలచుకోమన్నాడు. నాకు ఓపీ ముందు ఎండలో నిలబడే జనం తప్ప ఏమీ కనబడలేదు. ముందు వరసలో మా పెద్ద డాక్టరుగారు మాత్రం హాయిగా నిద్రపోయాడు. ఆయనకు ఒత్తిడి లేదన్నది నేనూ ఒప్పుకుంటాను.

"మీ మీద ఎవరైనా కోప్పడితే, ఆ కోపం తెప్పించేది నాలో ఏముందని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి" అన్నాడు బెంగళూరాయన.

జూనియర్ లేచి నిలబడింది. "నన్ను కొట్టినారు సార్. నాలో ఏముండాదని కొట్టినారు?"

ఆయన చిరునవ్వు చెక్కుచెదరలేదు. "కొట్టడం అతని చేతిలో ఉందమ్మా. బాధపడటం మీ చేతిలో ఉంది."

"అట్లయితే ఈడికి రండి సార్. నేనూ ఒకటి కొడతా. బాధపడకుండా ఎట్లుండాలో సూపించండి."

నర్సులు పకపకా నవ్వారు. ఆయన మంచినీళ్ల సీసా కోసం వెతుక్కున్నాడు. ఆ నవ్వులకు పెద్ద డాక్టరుగారికి మెలకువ వచ్చి, ఏం జరిగిందో తెలియకుండానే "కూర్చోమ్మా, కూర్చో" అన్నాడు. ఆమె కూర్చోలేదు, బయటికి నడిచింది. వెనకే నేనూ వెళ్లాను.

ఆమె మెట్ల మీద కూర్చుంది. "ఎవరన్నా గట్టిగా మాట్లాడితే సాలక్కా, బయమేస్తాండాది. కుప్పం పోయేస్తా."

నేను ధైర్యం చెప్పలేదు. లోపల అప్పటికే చాలినంత చెప్పారు. "పో. ముందు పోలీస్ స్టేషనుకు పోదాం రా" అన్నాను.

ఆ సాయంత్రమే ఫిర్యాదు ఇచ్చాం. మర్నాడు, గుమ్మం దగ్గర మనిషిని పెట్టేదాకా ప్రాణం మీదికొచ్చిన కేసులు తప్ప ఏవీ చూడబోమని నర్సులతో సహా అందరం చెప్పేశాం.

"నిన్న నేర్పిందంతా ఏమైపోయింది?" అని అరిచాడు పెద్ద డాక్టరుగారు.

"బాగా పనిచేసింది సార్" అన్నాను.

ఇన్నేళ్లూ ఎక్కడా దొరకని కాపలా మనిషి మధ్యాహ్నానికి దొరికాడు! జూనియర్ కొన్నాళ్లు కుప్పంలో ఉండి తిరిగొచ్చింది. కొట్టినవాడి మీద కేసు ఇంకా నడుస్తోంది. ఎవరన్నా గొంతు పెంచితే ఆమెకు ఇప్పటికీ భయమేసే రోజులున్నాయి. అలాంటి రోజుల్లో నా కుర్చీ ఆమె గదిలోకి లాక్కుని, నా పేషెంట్లను అక్కడే చూస్తాను.