టెలిస్కోపులో అరుంధతి

మా అక్క పెళ్లి మిట్టమధ్యాహ్నం జరిగింది. అయ్యగారు దంపతులను పందిరి బయట నిలబెట్టి, వేలు పైకి చూపించి, "అరుంధతి కనిపించిందా?" అని అడిగారు. ఎండకు కళ్లు చిట్లించుకుంటూ ఇద్దరూ కనిపించిందన్నారు. అందరూ అలాగే అంటారు. రాత్రిపూట నిజంగా చూద్దామంటే బావకు చిన్నప్పటి నుంచీ రేచీకటి. ఈమధ్య పగటి చూపు కూడా తగ్గుతోందని కంటి దవాఖానలో చెప్పారు. ఉన్న చూపు పోకముందే ఒక్కసారి ఆయనకు అరుంధతిని చూపించాలని అక్క పట్టు.

ఈసారి ఎండాకాలం మొదట్లో తొర్రూరు నుంచి మా భజన మండలి పుష్కర్ యాత్రకు వెళ్తే అక్కా బావా కూడా వచ్చారు. అక్కడి ఎడారిలో జనానికి నక్షత్రాలు చూపించే వేధశాల ఒకటి ఉందని తెలిసి, చీకటి పడేసరికి బస్సును అటు తిప్పించాను. చుట్టూ ఎక్కడా దీపం లేదు. మండలిలో పురాణం చదివేది నేనే, సప్తర్షుల పేర్లు కంఠస్థం. అయినా అన్ని చుక్కల్లో వాళ్లను పోల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. తెలియకుండానే చేతులు జోడించాను.

టెలిస్కోపులో చుక్కలు ఎన్నో రెట్లు కాంతిగా ఉంటాయి, రేచీకటి ఉన్నా కనిపించవచ్చంటూ అక్కడి ఉద్యోగిని దాన్ని వశిష్ఠుడి వైపు తిప్పింది. అక్క బావను నడిపించుకొచ్చి, ఆయన కంటిని అద్దానికి ఆనించింది.

"కనబడ్తున్నయి," అన్నాడు బావ.

"పెళ్లినాడు గూడ గిట్లనే అన్నవు. జర నిజం చెప్పు."

"నిజమేనే. మూడున్నయి."

అక్క ముఖం వాడిపోయింది. "ఉండేటియి రెండే గద తమ్మీ. మసకకు ఒకటి రెండైనట్టున్నది," అంది నాతో.

నాకూ అదే అనిపించింది. నేను చదివిన పురాణంలో వశిష్ఠుడు, అరుంధతి, ఇద్దరే. బావ మాత్రం కన్ను తీయలేదు.

"రెండు దగ్గర దగ్గర ఉన్నయి. ఇంకోటి జర ఎడంగ ఉన్నది. నన్నేం జెయ్యమంటవ్?"

ఆ మాట ఉద్యోగినికి హిందీలో చెప్పాను. ఆమె నవ్వింది. మామూలు కంటికి ఒక్కడిగా ఉండే వశిష్ఠుడు టెలిస్కోపులో రెండు చుక్కలుగా విడిపోతాడట. ఎడంగా ఉన్నది అరుంధతి. ఆయన సరిగ్గానే చూశాడంది.

నా పారాయణంలో లేనిదాన్ని దేవుడు బావ కళ్లకు చూపించాడనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

వెనక వరుసలో మండలివాళ్లు గునుస్తున్నారు. "బావా, మేం గూడ పైసలు కట్టినమే," అన్నారెవరో.

"చూడనియ్యుండ్రి," అంది అక్క. తన వంతు కూడా ఆయనకే ఇచ్చింది.