పదకొండో గుర్రం ఎడమ కన్ను

సోమవారం ఉదయం ఏడున్నరకల్లా రంగులక్క ముప్పై గుర్రాలకి పళ్ళు తోమేసింది. మనం వాడే పళ్ళ బ్రష్షే, బకెట్టులో సబ్బు నీళ్ళు. ఆదివారం పార్కుకి వచ్చే పిల్లలు తాము తినే బిస్కట్లలో సగం రంగులరాట్నం గుర్రాల నోట్లో కుక్కుతారు. కొయ్యగుర్రం తినదని వాళ్ళకీ తెలుసు, అయినా పెట్టకుండా ఉండలేరు. ఆ ముక్కలకి చీమలు పడతాయి. చీమలు జీను కిందికి చేరతాయి. మంగళవారం ఎవరి పిల్లో కెవ్వుమంటుంది. అందుకే సోమవారం పార్కుకి సెలవు, గుర్రాలకి పళ్ళపని.

ఆవిడ ఆ పార్కులో పెయింటరుగా చేరి ఇరవై ఎనిమిదేళ్ళు. మేనేజరు దగ్గర్నుంచి తోట ఊడ్చేవాళ్ళ దాకా అందరికీ రంగులక్కే. ఇంట్లో ఆయన కూడా కోపం వచ్చినప్పుడు అలాగే పిలుస్తాడు. ఆయన అదే రాట్నానికి ఆపరేటరు. గంట కొట్టడం, లివరు లాగడం, దిగనని ఏడ్చే పిల్లల్ని దించడం ఆయన ఉద్యోగం. ఆవిడ వేసిన గుర్రాల్ని ఆయన తిప్పుతాడు. ఇంట్లో ఎవరు ఎవర్ని తిప్పుతారన్నది పార్కంతటికీ తెలుసు.

పార్కు వయసు యాభై. అందులో ఏ వస్తువు కథ అడిగినా రంగులక్క దగ్గర ఉంటుంది. గేటు దగ్గర సిమెంటు జిరాఫీ వెనక్కి తిరిగి చూస్తూ ఉంటుంది. అది కళ కాదు. ఒకసారి క్రేను తగిలి మెడ విరిగితే, అతికించినవాళ్ళు హడావిడిలో మొహాన్ని తోకవైపు పెట్టేశారు. ఫౌంటెన్లో మూడు చేపలున్నా నీళ్ళు కక్కేది రెండే. మూడోదాని గొట్టంలో ఇరవై ఏళ్ళ కిందట ఎవరో గోళీ వేశారు. గిరగిర తిరిగే టీ కప్పుల రైడ్‌లో ఎనిమిది కప్పులుంటే, ఒకదానికి మాత్రం పిడి ఎడమవైపు ఉంటుంది. ఎడమచేతి వాటం పిల్లలకోసం అని చెబుతారు గానీ, అచ్చు తిరగేసి పోశారని రంగులక్కకి తెలుసు. ఇలా పార్కులో అన్నిటి గుట్టూ తెలిసిన మనిషికి తన గుట్టు కూడా ఒకటుంటుంది. ఆవిడది పదకొండో గుర్రం ఎడమ కంట్లో ఉంది.

ఆ గుర్రం ఆ కంటితో నవ్వుతుంది. నవ్వు మొహం చెక్కారని కాదు. మూతి మిగతా ఇరవై తొమ్మిదింటిలాగే గంభీరంగానే ఉంటుంది. ఎడమ కంటి కింది రెప్ప మాత్రం ఉబ్బి, కన్ను సగానికి చికిలించుకుని, పొట్ట పట్టుకుని నవ్వుతున్న మనిషి కన్నులా ఉంటుంది. కుడి కన్ను మామూలే. లోపలివైపు నుంచి చూస్తే హెడ్మాస్టరు, బయటి నుంచి చూస్తే సెలవిచ్చిన హెడ్మాస్టరు. గంట కొట్టగానే పిల్లలు ముందు పరిగెత్తేది దాని మీదికే. పన్నెండేళ్ళ కిందటి మేనేజరు పక్కన బోర్డు కూడా పెట్టించాడు: 'చెక్కిన శిల్పి చమత్కారం చూడండి! ఈ గుర్రం ఒక్క కంటితోనే నవ్వుతుంది.'

శిల్పికి ఆ చమత్కారంతో ఏ సంబంధమూ లేదు.

రంగులక్కకి పని నేర్పింది పార్కు తెరిచిన రోజు నుంచి ఉన్న పెద్ద మేస్త్రి. ఏడాదికోసారి గుర్రాల్ని రాట్నం మీంచి ఊడదీసి, షెడ్డులో ఇనప గొట్టానికి కాళ్ళు పైకి ఉండేలా వేలాడదీసేవారు. పిల్లల బూట్లు తగిలి ముందు చెడిపోయేది పొట్టే కాబట్టి రంగు అక్కణ్ణుంచి మొదలు. తర్వాత తిప్పి నిలబెట్టి వీపు, మెడ, జూలు. అన్నిటికన్నా ఆఖర్న కన్ను. షెడ్డు గోడ మీద మేస్త్రి తన చేత్తో రాసిపెట్టాడు: 'నాలుగు కాళ్ళ మీద నిలబడ్డాకే కన్ను.'

చేరిన రెండో ఏడు రంగులక్క ఆ మాట మీరింది. ఆ రోజు వాన మబ్బు పట్టి రంగులు ఆరడం ఆలస్యమైంది. పొద్దున్నే పార్కు తెరవాలి, పదకొండోది ఇంకా గొట్టానికి వేలాడుతోంది. కుంచె చేతిలోనే ఉంది, నల్లరంగు డబ్బా తెరిచే ఉంది. కన్నే కదా అనుకుంది. తనకి పైన కనిపించినచోట పై రెప్ప దట్టంగా దిద్దింది, కిందివైపు సన్నగా గీసింది. రంగు ఆరాక గుర్రాన్ని తిప్పితే పై రెప్ప కిందికొచ్చింది. గుర్రం ఆవిణ్ణి చూసి నవ్వింది. కుడి కన్ను మాత్రం అలా నిలబెట్టాకే వేసింది.

మేస్త్రి వచ్చి చూశాడు. తిట్లకి సిద్ధపడి ఆవిడ తల దించుకుంది. ఆయన గుర్రం చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత "రేపు సరిచేద్దాంలే" అన్నాడు. ఆ రేపు రాలేదు. ఏటా ఆ కన్ను ఉన్న గీత మీదే మళ్ళీ గీత గీసి వదిలేయమనేవాడు. మేస్త్రి పోయాక ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే మిగిలారు, ఆవిడా, పెళ్ళయిన వారానికి ఆవిడ నోట విన్న ఆయనా.

ఇరవై ఆరేళ్ళు అలా గడిచాయి. యాభయ్యో ఏడు వస్తోందని ఆఫీసువాళ్ళు కొత్తగా డిజైన్ మేడమ్‌ని పెట్టుకున్నారు. చిన్న వయసు, గట్టి చదువు, చంకలో ఎప్పుడూ ఒక ఫైలు. పార్కు తెరిచిన రోజున ఎలా ఉందో అచ్చం అలాగే చెయ్యాలన్నది ఆవిడ పట్టు. ఫైల్లో ఆనాటి ఫొటోలున్నాయి, అన్నీ నలుపూ తెలుపూ. ఆకారాలు ఫొటోలు చెబుతాయి, రంగులు మాత్రం గుర్రాల్నే అడగాలి.

ఆ అడగడం రంగులక్కకి పండగే అయింది. జీను కింద గోరంత చోట బ్లేడుతో పొర తర్వాత పొర గీకితే ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద తనే మరిచిపోయిన ఇటుకరంగు, అన్నిటికీ అడుగున మేస్త్రి వేసిన మొదటి రంగు. "అమ్మ దొంగా, నువ్వు పుట్టడం పసుపా!" అని నాలుగో గుర్రాన్ని పలకరించింది. మేడమ్ కూడా నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, ఒక్కో రంగు బయటపడ్డప్పుడల్లా చప్పట్లు కొట్టేది. వారం రోజుల్లో ఇద్దరికీ దోస్తీ కుదిరిపోయింది.

పదకొండో గుర్రం దగ్గరికొచ్చేసరికి మేడమ్ ఫొటో పైకెత్తి పట్టుకుంది.

"రంగులక్కా, ఇది చూడండి. ఫొటోలో రెండు కళ్ళూ బాగా తెరుచుకుని ఉన్నాయి. మన దాని ఎడమ కన్ను చికిలించుకుపోయింది. ఎవరో మధ్యలో పాడుచేశారు."

రంగులక్క తేలు కుట్టిన దొంగలా బ్లేడు తుడుచుకుంటూ కూర్చుంది.

"మరి ఆ బోర్డేంటి, శిల్పి చమత్కారమని?"

"బోర్డు నేను రాయలేదండి."

అందులో అబద్ధం లేదు. రాసింది మేనేజరు. ఆ అక్షరాలకి రంగు మాత్రమే ఆవిడ వేసింది.

"సరే, బోర్డు తీయించేస్తాను. కన్ను ఫొటోలో ఉన్నట్టు తెరిచెయ్యండి," అంది మేడమ్.

రాత్రి భోజనాల దగ్గర ఆయన అడిగాడు. "ఏమే, దొంగ దొరికిందా?"

"ఊరుకోండి, సంబడం."

"చెప్పెయ్యరాదూ?"

"ఏమని? అందరూ మెచ్చుకుంటున్న ఆ శిల్పిని నేనేనండీ, తలకిందులుగా వేశానండీ అనా? ఆ పిల్ల నన్ను పెద్ద పనిమంతురాలు అనుకుంటోంది."

"అయితే తెరిచెయ్యి. తప్పూ పోతుంది, సాక్ష్యమూ పోతుంది."

ఆయన వేళాకోళంగానే అన్నాడు. ఆవిడ నిజంగానే తెరిచింది. పాత రంగంతా గీకేసి, గుర్రం నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉండగా, ఫొటో పక్కన పెట్టుకుని దిద్దింది. ఇన్నేళ్ళలో ఆవిడ వేసిన కళ్ళన్నిటిలోనూ అంత చక్కటి కన్ను లేదు. మేడమ్ చేతులు పట్టుకుని మెచ్చుకుంది. రంగులక్కకి మాత్రం పక్కవాళ్ళ పేపరు చూసి రాసి ఫస్టు వచ్చినట్టనిపించింది.

ఆదివారం ఉత్సవం. ముందురోజు పొద్దున పనివాళ్ళ ఇళ్ళవాళ్ళని పిలిచి రాట్నం ఉత్తుత్తిగా తిప్పి చూశారు. ఆయన గంట కొట్టాడు. పిల్లలు పరిగెత్తుకొచ్చారు. ఒక చుట్టు చుట్టారు, రెండో చుట్టు చుట్టారు. ఎక్కరే! పోగొట్టుకున్న చెప్పు కోసం వెతికినట్టు గుర్రం గుర్రం చూసుకుంటూ తిరుగుతున్నారు.

టికెట్ల కిటికీలో కూర్చునే వదిన మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆవిడ పార్కులో అందరికీ వదినే. నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏమయ్యా ఆపరేటరూ, నవ్వేదాన్ని ఎక్కడ దాచావు?"

"అదుగో, పదకొండు."

"అదా? పరీక్ష తప్పిన మొహంలా ఉందే!"

నాలుగేళ్ళ మనవరాలు గుర్రం మూతి నిమిరి వెనక్కి వచ్చేసింది. "దీనికి నేను నచ్చలేదు," అంది.

"నీకు తెలుసా అక్కా," అని వదిన రంగులక్క వైపు తిరిగింది, "మా పెద్దదాని పెళ్ళి ఆల్బంలో మొదటి ఫొటో ఆ గుర్రం మీదే. అల్లుడు పెళ్ళి మాట కదిపిందీ దాని పక్కనే. ఎవడు తెరిచాడు దాని కన్ను? వాడి చేతులు పడిపోను!"

"నేనే వదినా."

"నువ్వా! అయితే నీ చేతులు చల్లగా ఉండాలి గానీ, మళ్ళీ మూసెయ్యి."

అప్పటికే మేడమ్ ఫైలు పట్టుకుని దగ్గరికొచ్చింది. "అసలుది ఇదేనండీ. పాత ఫొటోలో ఇలాగే ఉంది. మధ్యలో ఎవరో..."

"ఎవరో కాదు మేడమ్," అంది రంగులక్క. చేతిలో గుడ్డని నలుపుతూ, మబ్బు దగ్గర్నుంచి మేస్త్రి 'రేపు' దాకా అంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన లివరు మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడ్డాడు.

"తలకిందులుగానా?" అంది మేడమ్.

"అవునండి."

మేడమ్ మొహం ఒకసారి బిగుసుకుంది. మరుక్షణం రాట్నం మెట్టు మీద కూలబడి, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వుకి ఆవిడ కింది రెప్పలు ఉబ్బడం రంగులక్క గమనించింది. అచ్చం పదకొండోదే.

"యాభై ఏళ్ళలో ఇరవై ఆరేళ్ళు నవ్వింది," అంది మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ. "అంటే సగం కంటే ఎక్కువ. లెక్క ప్రకారం నవ్వేదే అసలుది. వేసెయ్యండి అక్కా. రేపు పదింటికి గేటు తెరవాలి."

వేసెయ్యమనడం తేలికే. పాత గీత గీకేసి పది రోజులైంది. రంగులక్క కన్నంతా తుడిచి మళ్ళీ దిద్దింది. గుర్రానికి నిద్ర ముంచుకొచ్చినట్టుంది. టర్పెంటైనుతో తుడిచేసింది. రెండోసారి పంటినొప్పి వచ్చినట్టుంది. మూడోసారి గీసినదాన్ని చూసి వదిన, "సెలవు అడిగితే మేనేజరు ఇలాగే చూస్తాడు," అంది. అదీ తుడిచేసింది. మధ్యాహ్నం పన్నెండైంది. రాత్రికి ఆరకపోతే పొద్దున పదకొండోదాని చుట్టూ తాడు కట్టాల్సిందే. ఇరవై ఎనిమిదేళ్ళ పనితనం ఒక తప్పుని మళ్ళీ చెయ్యలేక చెమటలు కక్కుతోంది.

ఆయన క్యాంటీను నుంచి టీ తెచ్చిచ్చి, గుర్రాన్నీ ఆవిణ్ణీ మార్చి మార్చి చూశాడు.

"నాకు తెలియక అడుగుతాను, ఆ కన్నెప్పుడైనా నిలబడి పుట్టిందా?"

రంగులక్క టీ గ్లాసు కింద పెట్టేసింది.

నలుగురు మగవాళ్ళు గుర్రాన్ని ఊడదీశారు. షెడ్డులోకి మోసుకెళ్ళి కాళ్ళు పైకి పెట్టి గొట్టానికి వేలాడదీశారు. ఆవిడ మేస్త్రి రాతకి వీపు పెట్టి నిలబడింది. ఈసారి ఆలోచించలేదు. కన్నే కదా అనుకుంది. పైన కనిపించినచోట దట్టంగా ఒక్క గీత, కింద సన్నగా ఇంకోటి. కుంచె డబ్బాలో పడేసింది.

ఎలా వచ్చిందో ఎవరికీ తెలియలేదు. తలకిందులుగా ఉన్న కన్ను ఏమీ చెప్పదు, తడి ఆరకుండా తిప్పితే కారిపోతుంది. నాలుగు గంటలపాటు షెడ్డు బయట అందరూ పురిటిగది ముందు చుట్టాల్లా కూర్చున్నారు. వదిన మూడుసార్లు తలుపు తోసింది, మూడుసార్లూ ఆయన రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. మనవరాలు ఒళ్ళో నిద్రపోయింది.

అయిదింటికి గుర్రాన్ని తిప్పి నిలబెట్టారు. అప్పుడే లేచిన మనవరాలు కళ్ళు నులుముకుంటూ లోపలికొచ్చి, దాని మొహంలోకి చూసి, తనూ ఒక కన్ను చికిలించింది. తర్వాత జేబులోంచి బిస్కట్టు తీసి దాని నోట్లో పెట్టింది. రంగులక్క వద్దనలేదు.

బోర్డు మీద ఏం రాయాలని మేడమ్ అడిగింది. "ఉన్నదున్నట్టు రాయండి," అంది రంగులక్క. ఇప్పుడక్కడ ఉన్న మాటలివి: 'ఈ కన్ను పెయింటరు తప్పు. గుర్రాన్ని తలకిందులుగా వేలాడదీసి వేసింది. రెండుసార్లు.' షెడ్డు గోడ మీద మేస్త్రి రాసిన వాక్యం కింద కూడా కొత్తగా మూడు మాటలు చేరాయి: 'పదకొండోది మాత్రం కాదు.'

ఆదివారం పొద్దున పదింటి నుంచి రాత్రి ఎనిమిదింటి దాకా ఆపరేటరు గంట కొట్టిన ప్రతిసారీ గోడ మీద సుద్దతో గీత పెట్టాడు. రాట్నం డెబ్బై ఒక్కసార్లు తిరిగింది. అచ్చం పుట్టినప్పటి పసుపురంగులో మెరిసిపోతున్న నాలుగో గుర్రం పంతొమ్మిదిసార్లు ఖాళీగా తిరిగింది. పదకొండోది ఒక్కసారీ ఖాళీగా తిరగలేదు.