మార్సాలా పోసిన రొయ్యల ఇగురు

ఒక్క మాట సరిగ్గా వినకపోతే మనిషి కొంప ఎంతవరకు మునుగుతుందో తెలియాలంటే నన్ను అడగండి. చెబుతాను. మధ్యలో నవ్వినా ఫరవాలేదు, కోప్పడే ఓపిక నాకెప్పుడో పోయింది.

రాష్ట్రంలో మద్యనిషేధం నడుస్తున్న రోజులు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో నేను మేనేజరుని. మేనేజరంటే గొప్పనుకునేరు. నా ఒంటికి పట్టిన వాసనకి సిటీ బస్సులో పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. మా యజమాని వెంకటరత్నం గారు మందు పేరెత్తితే చెవులు మూసుకునే మనిషి.

ఆ ఏడు ఇటలీలోని సిసిలీ దీవి నుంచి ఆల్డో అనే వ్యాపారి వచ్చాడు. అతను సరేనంటే మా సరుకు ఓడెక్కుతుంది, కాదంటే కోల్డ్ స్టోరేజీలోనే ఉండిపోతుంది, మా జీతాలతో సహా. పొద్దున్నుంచి చెరువు గట్ల మీద అతన్ని తిప్పి తిప్పి, సాయంత్రం యజమాని గారింటికి విందుకు తీసుకొచ్చేసరికి నాకు కాళ్ళతోపాటు బుర్ర కూడా పనిచేయడం మానేసింది.

గుమ్మంలోనే అతనొక నల్లటి సీసా నా చేతిలో పెట్టి, మార్సాలా అని, తన ఊరిదని, భోజనం అని ఏదో అన్నాడు. నాకు మసాలా అని వినబడింది. పాపం, నోరు తిరగడం లేదనుకున్నాను. వాళ్ళ మసాలా నీళ్ళలా ఉంటుంది కాబోలనుకుని తిన్నగా వంటింట్లోకి వెళ్ళి వంటమనిషి సాంబయ్యకిచ్చాను.

"రొయ్యల ఇగురులో ఎంత పొయ్యమంటారండీ?" అన్నాడు.

"మొత్తం పోసెయ్. మిగిలిస్తే ఆయన నొచ్చుకుంటాడు."

వెంకటరత్నం గారు ఇగురు ఒకసారి వేయించుకున్నారు. మళ్ళీ వేయించుకున్నారు. తరవాత మిగతా కూరల వైపు చూడటమే మానేశారు. ఆల్డో కూడా తిన్నాడు గానీ, అతని చూపంతా వంటింటి గుమ్మం మీదే ఉంది. చివరికి నా పక్కకి వంగి, చిన్న గ్లాసులు ఎప్పుడు తెస్తారని మెల్లిగా అడిగాడు. ఎందుకన్నాను.

అప్పుడు చెప్పాడు. మార్సాలా అంటే సిసిలీ పడమటి కొసన సముద్రం ఒడ్డునున్న తన ఊరట. ఒకపక్క ఉప్పుమళ్ళు, ఒకపక్క ద్రాక్షతోటలు. అక్కడి తియ్యటి వైన్‌కీ ఊరి పేరే. భోజనమయ్యాక మిఠాయితో కొంచెం కొంచెంగా తాగుతారట. ఈ సీసాలోది అతను పుట్టిన ఏడు వాళ్ళ నాన్న పీపాలో పోసి దాచినదట.

నా నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది. ఎదురుగా వెంకటరత్నం గారు కంచంలో ఇగురు వేలితో ఊడ్చి నాకుతున్నారు.

ఆల్డో చెవిలో జరిగింది చెప్పాను. మా ఆర్డరు, నా ఉద్యోగం చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్ళిపోవడం కళ్ళారా చూశాను. తరవాత అతను గిన్నె దగ్గరికి లాక్కుని, అడుగున మిగిలిన ఇగురంతా వడ్డించుకుని, కళ్ళు మూసుకుని తిన్నాడు.

"మా నాన్న కూడా రొయ్యలే అమ్మేవాడు," అన్నాడు. "ఏమీ అనుకోడు."

మర్నాడు ఆర్డరు మీద సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. బతికిపోయాననుకున్నాను. వారం తిరక్కుండా వెంకటరత్నం గారు పిలిపించారు.

"మద్యనిషేధ సంఘం వాళ్ళందరికీ మనింట్లో భోజనాలయ్యా. ఆ ఇటలీ మసాలా ఓ రెండు పెట్టెలు తెప్పించు."

ఆ మసాలా చేసే మిల్లు మూతపడిందని చెప్పి బయటపడ్డాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. కనుక, ఇందుమూలంగా తడిబట్టలతో తూర్పుకు తిరిగి ప్రమాణం చేస్తున్నాను: పరదేశి ఎవరు ఏం చేతికిచ్చినా, మూత తీసి వాసన చూడనిదే వంటింటి గడప దాటించను.